నూట పద్నాలుగో జంట

వంట ఆరులోపు అయిపోవాలి. ఆరు దాటితే పొయ్యి వెలిగించకూడదు. ముప్పై ఏళ్ళుగా మా ఇంట్లో ఇది నియమం. పెందరాళే తినే అలవాటేమో అనుకునేరు, మేం తినేది తొమ్మిదింటికి, అదీ చల్లారిపోయినవి. సంగతేమిటంటే, పొయ్యి వెలిగితే వంటింటి కప్పు వేడెక్కుతుంది, కప్పు మీది గాలి కదులుతుంది, ఆ గాలి పెరట్లో ఉన్న టెలిస్కోపుకి అడ్డం వచ్చి నక్షత్రం వణుకుతుంది. వణికే నక్షత్రాన్ని కొలవలేం. పెళ్ళైన మొదటి వారంలోనే మావారు ఇదంతా కాగితం మీద బొమ్మ గీసి మరీ నాకు వివరించారు. ఎంత ఓపిగ్గా చెబుతున్నాడీ మనిషి అని మురిసిపోయాను. ఐదింటికి షాపు నుంచి బయటపడి, ఐదూ ఇరవైకి ఇల్లు చేరి, నలభై నిమిషాల్లో నాలుగు గిన్నెలు దించాల్సింది నేనేనన్న సంగతి ఆ బొమ్మలో లేదు.

ఆయన కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేవారు. ఆయనకి పిచ్చి జంట నక్షత్రాలు. మామూలుగా చూస్తే ఒక్కటిగా కనిపించే చుక్క, టెలిస్కోపులో చూస్తే రెండుగా విడిపోతుంది. అవి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి, కొన్ని పదేళ్ళకోసారి, కొన్ని వందల ఏళ్ళకోసారి. ఏటేటా వాటి మధ్య ఎంత దూరం ఉంది, చిన్నది పెద్దదానికి ఏ దిక్కున ఉంది అని కొలిచి రాసి పెడితే, ఆ రాతలన్నీ పోగేసి వాటి దారి ఎలాంటిదో లెక్కగట్టేవాళ్ళు వేరే ఉంటారు. పెరట్లో కూర్చుని మనం చెయ్యగలిగిన నిజమైన పని ఇదొక్కటేనని ఆయన అనేవారు. మసక వెలుతురు ఉన్నప్పుడే కొలవాలి, బాగా చీకటి పడితే పెద్దదాని వెలుగులో చిన్నది మునిగిపోతుంది. అందుకే సాయంత్రాలు. సరిగ్గా ఇల్లాలికి రెండు చేతులూ చాలని సమయం చూసుకుని ఆకాశం ఆయనకి ముహూర్తం పెట్టేది.

గంట ముందే టెలిస్కోపు బయట పెట్టాలి, లోపలి అద్దం బయటి చల్లదనానికి అలవాటు పడాలి. ఆయనకి నడుంనొప్పి. కాబట్టి ముందు స్టాండు, తర్వాత గొట్టం, తర్వాత ఆయన కూర్చునే స్టూలు, నేనే మోసుకెళ్ళేదాన్ని. మా అత్తగారు దాన్ని ఏనాడూ టెలిస్కోపు అనలేదు. "గొట్టం తీశావుటే?" అనేది. తీగమీద ఆరేసిన బట్టలు తియ్యడం, దీపాలు ఆర్పడం, మంచు పడితే అద్దానికి గుడ్డ పట్టడం, చివరికి నోటుబుక్కు తీసుకుని పక్కన నిలబడటం, ఇదీ నా జాబితా. ఆయన కంటిని ఐపీసుకి, అంటే గొట్టానికున్న కంటి అద్దానికి, ఆనించి అంకెలు చెబుతారు, నేను రాస్తాను. "రాయి" అనేవారు ప్రతి అంకెకీ ముందు. ఇరవై రెండు నోటుబుక్కులు నిండాయి. అన్నీ నా దస్తూరీయే. ముత్యాల్లాంటి అక్షరాలని మేం పంపే పేజీలు చూసి ఆయన ఖగోళ సంఘం వాళ్ళు మెచ్చుకునేవారట, అది ఆయన దస్తూరీ అనుకుని. ఆయన కాదనలేదట. ఈ రెండు సంగతులూ ఆయనే నాకు నవ్వుతూ చెప్పారు.

గ్రహాలు కనిపించే రోజుల్లో ఇల్లు పెళ్ళివారిల్లయ్యేది. కాలేజీవాళ్ళు, వాళ్ళ భార్యలు, పిల్లలు, సంఘం సెక్రటరీగారు. శని గ్రహాన్ని వలయంతో సహా చూసి ఒక్కొక్కరూ నోరెళ్ళబెట్టేవారు. నేను టీలు పోసేదాన్ని. ఇరవై మంది చూడటం అయ్యి, కప్పులు పోగేసి కడిగి, చేతులు తుడుచుకుంటూ నేను వచ్చేసరికి శని పక్కింటి నీళ్ళట్యాంకు వెనక్కి పోయేది. "అయ్యో, ఇప్పటిదాకా ఉంది" అనేవారు ఆయన, రైలు వెళ్ళిపోయాక స్టేషన్లో చెప్పినట్టు. పెళ్ళయ్యాక రెండేళ్ళకి, జోరువానలో ఎవరూ రాక, ఆ వాన హఠాత్తుగా వెలిసిన ఒక సాయంత్రం నేను మొదటిసారి శనిని చూశాను. ఏడుపొచ్చింది. ఎందుకేడుస్తున్నావని ఆయన కంగారుపడ్డారు. ఇంత అందమైనది నా పెరట్లోనే ఉండి నాకు రెండేళ్ళు పట్టిందని చెప్పలేక, కంట్లో పురుగు పడిందన్నాను.

ఇంతకీ నా కళ్ళు మంచివి. గొప్పకి చెప్పడం లేదు, నా ఉద్యోగం అది. కళ్ళద్దాల షాపులో చూపు పరీక్ష చేస్తాను. వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి, అద్దాలు మారుస్తూ, ఇప్పుడు బాగుందా, ఇందాకటిదా అని రోజుకి ముప్పైమందిని అడుగుతాను. పరీక్షంతా నేను చేశాక మా యజమాని వచ్చి, ఒకసారి గొంతు సవరించుకుని, చీటీ మీద సంతకం పెడతాడు. జనం ఆయనకి దణ్ణం పెట్టి వెళ్తారు. సరే, అది అలా ఉంచండి. ఆ పనిలో మొదటిరోజే నాకు నేర్పిన పాఠం ఒకటుంది. అక్షరం మనం ముందు చెప్పకూడదు. "అది వంకర గీతే కదా?" అని అడిగితే నూటికి తొంభైమంది అవునంటారు. కనిపించి కాదు, మనం అడిగిన తీరుకి. ఏం కనిపిస్తోంది అని అడిగి, నోరు మూసుకుని, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాయాలి.

మావారి కళ్ళు కూడా ఒకసారి పరీక్షించాను. కుడికంట్లో వంపు దోషం ఉందని నాకు అనుమానం, నక్షత్రం గుండ్రంగా కాక కొంచెం సాగి కనిపించాలి ఆయనకి. ఆయన కుర్చీలో కూర్చుని చార్టులో చివరి వరస దాకా గడగడా చదివేశారు. చార్టు ఆయనకి కంఠతా వచ్చని నాకు తెలుసు, నన్ను దింపడానికి షాపుకి వచ్చిన ప్రతిసారీ దాన్ని చూస్తూ నిలబడేవారు మరి. ఇంకో చార్టు తియ్యొచ్చు నేను. తియ్యలేదు. "చూశావా, నా కంటికేం" అన్నారు. ఏం లేదనే రాశాను.

పోయిన నెలలో ఆయనకో ఉత్తరం వచ్చింది, కంప్యూటర్లో. ఇప్పుడు ఆయనకి చూపు మధ్యలో మసక, ఉత్తరాలన్నీ నేనే చదివి పెడతాను. కక్ష్యలు లెక్కగట్టే ఒక పెద్దమనిషి రాశాడు. మర్యాదగా ఉంది. మేం కొలిచే జంటల జాబితాలో నూట పద్నాలుగోదాని గురించి. ఆ రెండు నక్షత్రాలూ పంతొమ్మిదేళ్ళ కిందట బాగా దగ్గరికొచ్చాయట. అంత దగ్గరికి రావడం డెబ్భై ఆరేళ్ళకోసారేనట. అవి దగ్గరగా ఉన్న మూడేళ్ళలో వాటిని చూసి రాసినవాళ్ళు, తను ఎంత వెతికినా, మా ఇంట్లో తప్ప ఎక్కడా దొరకలేదట. మేం మూడేళ్ళూ "ఒకటే కనిపించింది" అని రాశాం. అంటే టెలిస్కోపు విడదియ్యలేనంత దగ్గరగా ఉన్నాయన్నమాట అనుకుని, ఆ పెద్దమనిషి దాన్నిబట్టి కక్ష్య గీశాడు. ఇప్పుడు చూస్తే నక్షత్రాలు ఆ కక్ష్య చెప్పిన చోట లేవు. చివర్న ఇలా రాశాడు: "మొదటి రెండేళ్ళదీ ఒక్కరి మాట. మూడో ఏడు మాత్రం ఇద్దరూ చూశారని మీ నోటుబుక్కులో ఉంది. దానికే ఎక్కువ విలువ ఇచ్చాను. దయచేసి ఒకసారి పాత పేజీ చూసి, అనుమానమేమైనా ఉందేమో చెప్పగలరా?"

చదవడం అయ్యింది. మావారు పడక్కుర్చీలో వెనక్కి వాలారు. "వాళ్ళ లెక్కలో ఎక్కడో తప్పుంటుంది. మనం ఇద్దరం చూశాం కదా. ఒకటే. అనుమానం లేదని రాసెయ్" అన్నారు.

మంచినీళ్ళు తాగొస్తానని లేచి, లోపలి గదిలోకి వెళ్ళి, బీరువా కిందరలోంచి ఆ మూడు నోటుబుక్కులూ తీశాను.

మొదటి ఏడు నాకు బాగా గుర్తు. సెక్రటరీగారు వచ్చి ఉన్నారు. ఆయనా మావారూ మార్చిమార్చి చూసి, ఒకటే, ఒకటే అనుకున్నారు. టీ కప్పులు తియ్యడానికి వచ్చిన నన్ను, సరదాకి కాబోలు, చూడమన్నారు. చూశాను. మొదట గుండ్రంగా ఉంది. గాలి ఒక్క క్షణం నిలిచింది. ఆ క్షణంలో దాని నడుముకి సన్నటి నల్లదారం కట్టినట్టు, అటు పెద్దది, ఇటు చిన్నది. మళ్ళీ గాలి కదిలింది, కలిసిపోయాయి. మళ్ళీ నిలిచింది, విడిపోయాయి. "రెండున్నాయండీ" అన్నాను. నా గొంతులో సంతోషం నాకే వినిపించింది. సెక్రటరీగారు మావారి వంక చూశారు. "రోజంతా అద్దాల మధ్య కూర్చుంటుంది, దీనికి అన్నీ రెండేసి కనిపిస్తాయి" అన్నారు మావారు. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. నన్ను అలా 'దీనికి' అనడం పరాయివాళ్ళ ముందు అదే మొదటిసారి అని కూడా నాకు అప్పుడు తట్టలేదు. ఆ తర్వాత మేమిద్దరమే ఉన్నప్పుడు ఆయన మెత్తగానే, "రెండుండాలని ముందే తెలుసు కదా నీకు, ఉండాలనుకుంటే కనిపిస్తాయి. అందుకే అనుమానం వస్తే లేదనే రాయాలి. రాయి, ఒకటే" అన్నారు. రాశాను. ముత్యాల్లాంటి అక్షరాలతో.

రెండో ఏడు, ఆయన లోపలికి ఫోనుకి వెళ్ళినప్పుడు నాకు నేనే చూశాను. ఈసారి ఇంకా దగ్గరగా ఉన్నాయి, కానీ రెండే. ఆయన తిరిగొచ్చారు. చూశారు. "రాయి, ఒకటే" అన్నారు. నేను నోరు మెదపలేదు. మెదిపితే మళ్ళీ అదే పాఠం. పైగా ఆ వారం మా అమ్మాయికి జ్వరం, షాపులో ఇద్దరి పని నా ఒక్కదాని మీద పడి ఉంది, వాదించే ఓపిక లేదు. ఇవన్నీ నిజమే. కానీ ఇవాళ పేజీ తెరిచి చూస్తే, అవేవీ ఆ పేజీలో లేవు. ఒకటే అని మాత్రం ఉంది.

మూడో ఏడు. ఇక్కడికి రావడానికే నేను ఇంతసేపు తిప్పితిప్పి చెబుతున్నాను.

అత్తగారు అప్పటికి మంచం పట్టింది. ఏడింటికల్లా ఆవిడకి భోజనం పెట్టి మందు వెయ్యాలి. ఆ రోజు షాపులో ఆలస్యమైంది, ఇంటికొచ్చేసరికి ఆరు దాటింది. ఆయన అప్పటికే పెరట్లో ఉన్నారు, పక్కింటబ్బాయి చేత గొట్టం మోయించుకున్నారట. "ఒక్క అరగంట ఆగి వెలిగించు. గాలి ఎంత నిలకడగా ఉందో చూడు, ఇలాంటి సాయంత్రం ఏడాదికొకటి దొరకదు" అన్నారు. లోపల్నుంచి అత్తగారు, "ఏమే, ఈ పూటకి నన్ను పస్తుంచుతావా?" అంటోంది. చీర కూడా మార్చుకోకుండా నోటుబుక్కు పట్టుకుని నిలబడ్డాను. గొట్టాన్ని తిప్పే మోటారు ఆ రోజు పనిచెయ్యలేదు. మోటారు లేకపోతే నక్షత్రం ఐపీసులో నిలబడదు, భూమి తిరుగుతుంది కదా, ఈ అంచు నుంచి ఆ అంచుకి నడుచుకుంటూ వెళ్ళిపోతుంది. ముప్పావు నిమిషం. మళ్ళీ గొట్టం జరపాలి, మళ్ళీ నడుస్తుంది. ఆయన పదిసార్లు అలా చూశారు. విసుగొచ్చింది ఆయనకి. లేచి స్టూలు నాకిచ్చారు. "నువ్వూ చూడు. ఒకటే కదా?"

కన్ను ఆనించాను. గాలి నిజంగానే కదలడం లేదు. నక్షత్రం అంచులో ప్రవేశించింది. రెండు. అనుమానమే లేదు, వెంట్రుకవాసి ఎడం, కానీ రెండు. చిన్నది ముందు నడుస్తోంది, పెద్దది దాని వెనకే వస్తోంది. ఆ మొత్తం ముప్పావు నిమిషం చూశాను. లోపల్నుంచి అత్తగారు మళ్ళీ పిలిచింది. నేను లెక్క వేసుకున్నాను. రెండు అంటే ఆయన ఒప్పుకోరు. ఐపీసు మారుస్తారు. మళ్ళీ చూస్తారు. నన్ను మళ్ళీ చూడమంటారు. అక్కడితో అయిపోదు, నాకు ఎందుకలా అనిపించిందో ఆయన వివరిస్తారు. ముప్పావు గంట. అప్పుడు పొయ్యి వెలిగించి, అప్పుడు వంట, అప్పుడు ఆవిడకి మందు.

"ఒకటే" అన్నాను.

ఆయన ముఖం విచ్చుకుంది. భుజం తట్టారు కూడా. "రాయి. ఇద్దరం చూశాం, ఒకటే" అన్నారు. నేనే రాశాను. రాసి, లోపలికి పరుగెత్తి పొయ్యి వెలిగించాను. ఆ రాత్రి వంట ఏం చేశానో గుర్తులేదు. ఎవరికీ గుర్తులేదు.

బీరువా ముందు నేలమీద కూర్చుని ఆ పేజీ చూస్తూ ఉండిపోయాను. ఆయన అబద్ధం రాయించలేదు. ఆయనకి ఒకటే కనిపించింది, అదే చెప్పారు. ముప్పై ఏళ్ళలో కనిపించని అంకె ఒక్కటి చెప్పలేదు మనిషి, అది ఆయన నిజాయితీ. ఇద్దరిలో అబద్ధమాడింది నేను. మిగతావీ తీసి, ఇరవై రెండు నోటుబుక్కులూ ముందేసుకుని ఒక్కొక్క పేజీ తిప్పాను. నేను మోసిన గొట్టం, ఆర్పిన దీపాలు, ఎన్ని వందల సాయంత్రాలు పక్కన నిలబడ్డానో, ఎక్కడా లేను. చూసినవారు అన్నచోట అంతటా ఆయన పేరే. నేను ఉన్నది ఒక్కచోటే, 'ఇద్దరం' అన్న ఆ ఒక్క మాటలో. ఆ ఒక్కచోట ఉన్నదీ అబద్ధం.

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. అత్తగారి మీదా? పాపం, ఆవిడ అన్నం అడిగింది. మావారి మీద పంతొమ్మిదేళ్ళ బాకీ కోపం ఉంది, నిజమే, కానీ ఆ ముప్పావు నిమిషం ఐపీసు దగ్గర ఆయన లేరు. ఉన్నది నేను. రోజుకి ముప్పైమందిని, మీకేం కనిపిస్తోందో అదే చెప్పండి, భయపడకండి, ఇక్కడ తప్పూ ఒప్పూ లేదు అని బతిమాలే నేను. డెబ్భై ఆరేళ్ళకోసారి దొరికేదాన్ని, ప్రపంచంలో నా ఒక్కదాని కంటికే దొరికినదాన్ని, గబగబా వంట చేసుకోవచ్చని వదిలేశాను.

చాలాసేపు రాకపోయేసరికి ఆయనే గోడ పట్టుకుని వచ్చారు. గుమ్మంలో నిలబడి, పుస్తకాల వాసన పట్టేసినట్టున్నారు. "పేజీ దొరికిందా?" అన్నారు.

"దొరికింది. ఏవండీ, ఆ రోజు నాకు రెండు కనిపించాయి."

"ఏ రోజు?"

"మూడుసార్లూ."

ఆయన తడుముకుంటూ మంచం అంచున కూర్చున్నారు. ఇప్పుడాయన ఎవరి ముఖమైనా చూడాలంటే కొంచెం పక్కకి చూడాలి, మధ్యలో మసక కాబట్టి. అలా నా భుజం పక్కకి చూస్తూ అడిగారు, "మరి ఒకటే అన్నావు?"

"అన్నాను."

"ఎందుకు?"

పంతొమ్మిదేళ్ళలో ఈ ప్రశ్నకి నా దగ్గర ఎన్నో జవాబులు పోగయ్యాయి. సెక్రటరీగారి ముందు నవ్వింది, 'దీనికి' అన్నది, బొమ్మ గీసి వివరించింది, నీళ్ళట్యాంకు వెనక్కి పోయిన శని, అన్నీ ఉన్నాయి. తీరా నోరు తెరిస్తే అందులో ఒక్కటీ రాలేదు.

"వంట కాలేదండీ" అన్నాను.

ఆయన నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. "గట్టిగా చెప్పాల్సింది. నేను అడిగాను కదా" అన్నారు.

"అడిగారు. ఒకటే కదా అని అడిగారు."

ఆయన తలవంచుకుని నోటుబుక్కు అట్టని వేళ్ళతో నిమురుతూ కూర్చున్నారు. ఈ పుస్తకాలు తప్ప ఆయనకి ఇప్పుడు మిగిలిందేమీ లేదు, అది నాకు తెలుసు. చూపు పోతున్న మనిషికి, నువ్వు చూసింది తప్పు అని చెప్పాను. జాలేసింది. జాలేసినా మాట వెనక్కి తీసుకోలేదు. లేచి వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చున్నాను.

ఉత్తరం రాయడానికి నాకు మూడు గంటలు పట్టింది. ఎవరూ "రాయి" అనకుండా రాయడం అలవాటు లేదు. ఆయన వైపు నుంచి ముందు రాశాను: ఆయనకి కనిపించింది ఆయన నిజాయితీగా చెప్పారు, మొదటి రెండేళ్ళ నమోదులూ ఆయనవే. తర్వాత నాది. మొదటి ఏడు రెండు చూశాను, చెప్పాను, రాయలేదు. రెండో ఏడు చూశాను, చెప్పలేదు. మూడో ఏడు చూసి, ఒకటే అని చెప్పాను. గొట్టంలో బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది కాబట్టి పైనా కిందా నేను చెప్పలేను, కోణం కొలవలేదు. కానీ ఆ రోజు మోటారు లేదు. ఎలా తిప్పి చూసినా నక్షత్రాల నడక మాత్రం మారదని మీకు తెలుసు, ముందు నడిచేదే పడమటి వైపుది. చిన్నది ముందు నడిచింది. ముప్పావు నిమిషం చూశాను. దీనికి నా దగ్గర ఋజువు లేదు. కింద నా పేరు రాశాను. షాపులో చీటీల మీద కూడా ఎప్పుడూ పెట్టని సంతకం, అదెలా పెట్టాలో ఒక్క క్షణం ఆలోచించాల్సి వచ్చింది.

పంపేముందు ఆయనకి చదివి వినిపించాను. వినేశాక, "పంపు" అన్నారు. అంతే అన్నారు.

నాలుగు రోజులకి జవాబు వచ్చింది. ఈసారి నా పేరున. ఆ పెద్దమనిషి కృతజ్ఞతలు చెప్పాడు, ఇలాంటి ఉత్తరం రాయడం తేలిక కాదని తనకి తెలుసన్నాడు. అయితే పంతొమ్మిదేళ్ళ నాటి జ్ఞాపకాన్ని కొలతగా తీసుకోలేనన్నాడు, అది శాస్త్రం ఒప్పుకోదు. తన చేతిలో ఉన్నది ఒక్కటే, ఆ మూడో ఏటి నమోదుని తీసెయ్యడం. తీసేశాడు. అంటే ఇరవై రెండు నోటుబుక్కుల్లో నేనున్న ఆ ఒక్క మాటా నా చేతులారా కొట్టేయించుకున్నాను. చిన్నది ముందు నడిచిన ఆ దారి ఇప్పుడు ఎక్కడా లేదు, నా తలలో తప్ప. నేను పోయాక అక్కడా ఉండదు. మళ్ళీ అవి అంత దగ్గరికొచ్చేనాటికి చూసేవాళ్ళు ఎవరో, వాళ్ళ ఇంట్లో వంట ఎవరిదో.

మా అమ్మాయి ఫోన్లో ఇదంతా విని, "పోనీలేమ్మా, నిజం చెప్పావు కదా, అది చాలు" అంది. చాలదు. చాలని దాన్ని చాలనుకునే బతికాను ఇన్నాళ్ళూ, ఇంకోసారి అనుకోలేను. అమ్మాయితో అలా అనలేదు, సరేనన్నాను.

నిన్న షాపు నుంచి ఐదూ ఇరవైకే వచ్చాను. వంటింట్లోకి వెళ్ళలేదు. స్టాండు తీసుకెళ్ళాను, గొట్టం తీసుకెళ్ళాను, బట్టలు తీశాను. జాబితాలో అరవై ఒకటో జంట ఈ రెండేళ్ళలో దగ్గరికి వస్తోంది. చూసేవాళ్ళు తక్కువని సంఘం పత్రికలో రాశారు. కొత్త నోటుబుక్కు కొన్నాను, షాపు పక్కనే స్టేషనరీ దుకాణంలో. ఆయన అడుగుల చప్పుడు విని, "ఇవాళ ఎనిమిదింటికి వండుతాను, అప్పుడే తిందాం, వేడివేడిగా" అన్నాను. పొయ్యి వెలగలేదు కాబట్టి కప్పు చల్లగా ఉంది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆ చల్లదనం నాకోసం.

ఆయన కుర్చీ తెచ్చుకుని గోడవారగా కూర్చున్నారు. స్టూలు మీద నేను కూర్చున్నాను. మసక వెలుతురు ఇంకా ఉంది. నక్షత్రం అంచులోకి వచ్చింది. ఎప్పట్లాగే మొదట గుండ్రంగా ఉంది.

"ఒకటే..." అని మొదలుపెట్టారు ఆయన. ఆగిపోయారు. గొంతు సవరించుకున్నారు. తర్వాత, మా షాపులో నేను అడిగినట్టే, మెల్లగా అడిగారు.

"ఏం కనిపిస్తోంది?"

నేను వెంటనే చెప్పలేదు. ఇంకా చూస్తున్నాను.